ఎర్రగుడ్డ కట్టిన పెట్టె

వీధిలో ఆమెని అందరూ జాగ్రత్తమ్మ అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ముఖం మీదే అనేశారు, చివరికి ఆమే ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. ఏం చేస్తుంది మరి, నోరు తెరిస్తే వచ్చే మాట అదొక్కటే. పాల మనిషి కనిపిస్తే "మెట్లు తడిగా ఉన్నాయి, జాగ్రత్త." పైవాటాలో ఉండే టీచరు బడికి బయల్దేరితే "ఆ గొడుగు మొన ఎవరి కంట్లోనన్నా దిగుతుంది టీచరుగారూ, జాగ్రత్త." ఒకసారి పోస్టుమాన్ తుమ్మితే, అంత గట్టిగా తుమ్మితే మెడనరం పట్టేస్తుంది బాబూ అని నీళ్ళ గ్లాసు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళింది.

ఆమె పని దుప్పట్లు ఉతకడం. ఊళ్ళో రెండు లాడ్జిలవీ, ఒక ఆసుపత్రివీ మూటలు మూటలుగా వచ్చేవి. మొదటి అంతస్తులో వాళ్ళ వాటా రైలుపెట్టెలా ఉండేది, ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల. మధ్య గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప గొట్టాలు, వాటి మీద ఎప్పుడూ తడి దుప్పట్లు. వెనక గది కొడుకుది. జాగ్రత్తమ్మ భయాలకి పుట్టిల్లు ఆ వెనక గదే.

కొడుకుని వీధిలో 'టంకం' అనేవారు. పొద్దున ఫోన్లు బాగుచేసే కొట్లో పని, ఇంటికొస్తే మళ్ళీ అదే పని. చేతిలో టంకం కడ్డీ, పొగ, వంగిన వీపు. చచ్చిపోయిన రేడియోని బతికించేవాడు, బతికున్న గడియారాన్ని విప్పి చంపేవాడు. ఆమధ్య పాత సామాన్ల కొట్లోంచి మూడు యంత్రాలు మోసుకొచ్చాడు. చూడ్డానికి బూట్ల పెట్టెల్లా ఉంటాయి, మీట నొక్కితే కందిరీగల గూడు కదిలినట్టు మోత.

"ఏం చేస్తాయిరా ఇవి?"

"నాణేలు తవ్వుతాయమ్మా."

"ఎక్కడ తవ్వుతాయి? కింద వాటా వాళ్ళ కప్పులోకా?"

వాడు పడీపడీ నవ్వాడు. తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. నిజం తవ్వకం కాదు, లోకమంతా ఉన్న ఇలాంటి యంత్రాలు పోటీపడి లెక్కలు చేస్తాయి, గెలిచినప్పుడు ఇంత ముక్క పంచుతారు, ఆ నాణెం చేత్తో పట్టుకునేది కాదు, లెక్కలో ఉండే అంకె మాత్రమే. ఆమె తల ఊపింది. పట్టుకోవడానికి వీల్లేని నాణెం ఎలా ఉంటుందో మాత్రం ఆమె బుర్రకి ఎక్కలేదు. పెట్టె లోపల ఎక్కడో టప్‌మని పడుతుంటాయని, కొడుకు తనని భయపెట్టడం ఇష్టంలేక దాస్తున్నాడని అనుకుంది.

వచ్చే ముక్క కరెంటు బిల్లుకి సరిపోతే గొప్ప. కానీ ఆ పెట్టెలు కక్కే వేడి ఉందే, అది అసలైన సంపాదన. టంకం రేకు గొట్టం ఒకటి వంచి, గోడకి కన్నం కొట్టి, ఆ వేడిగాలిని మధ్య గదిలోకి తిప్పాడు. వానాకాలంలో వారానికీ ఆరని ఆసుపత్రి దుప్పట్లు పూటలో గలగల్లాడడం మొదలుపెట్టాయి. జాగ్రత్తమ్మ మాత్రం ఇసక బకెట్లు రెండు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. నిద్రలో కూడా ఒక ముక్కు మేలుకునే ఉండేది, కాలిన వాసన కోసం.

మూడో యంత్రానికి కరెంటు ఇచ్చే ఇనప డబ్బా ఒకటి ఉంది. టంకం తనే బాగుచేసుకున్న పాతది. దానికి ఆమె మూటలకి కట్టే ఎర్రగుడ్డ పీలిక ఒకటి చింపి కట్టాడు.

"అమ్మా, మిగతావి నీ ఇష్టం. దీన్ని మాత్రం ఆపేసినా ముట్టుకోకు. లోపల రెండు లావు డబ్బాలున్నాయి, కరెంటు పట్టుకుని కూర్చుంటాయి. ఆపగానే వాటిని ఖాళీచేసే ముక్క కాలిపోయింది. కొత్తది తెచ్చేదాకా ఇది కాటేసే రకం."

"తీగ పీకేసినా?"

"పీకేసినా."

నమ్మదేమోనని చూపించాడు. తీగ పీకేసి, మూత తీసి, ఒక బల్బు తీగల్ని ఆ డబ్బాల అడుగున ఆనించాడు. గోడకి ఏ సంబంధం లేని బల్బు భగ్గుమని వెలిగి, మెల్లగా ఆరిపోయింది. ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. చచ్చిన పాము తల ఎత్తినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి ఆ గదిలో చీపురు కూడా దూరం నుంచే ఆడించేది.

ఇన్ని భయాలున్న మనిషి తలుపుకి ఎన్ని గడియలు పెట్టుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఎవరు కొట్టినా ఎవరూ, ఏ పనీ, గొంతు అలా ఉందేం అని అడిగి, కన్నంలోంచి చూసి, అప్పుడు తీసేది. ఆ వానరోజు మధ్యాహ్నం మాత్రం ఏమీ అడగలేదు. బయట వినిపించింది తమ్ముడి గొంతు.

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచింది ఆమే. పొయ్యి దగ్గరికి పోతే లాగింది, నూతి గట్టు ఎక్కితే కొట్టింది, గోడ మీది కరెంటు కన్నంలో మేకు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడతను పాత లారీలు విప్పి ముక్కలు అమ్మే షెడ్డులో పనిచేస్తాడు. పేకాట పిచ్చి తప్ప మనిషి మంచివాడే అని ఆమె అందరికీ చెప్పేది. కిందటి వారం ఫోన్లో అతనితో గోడు వెళ్ళబోసుకుంది.

"నువ్వన్నా నీ అల్లుడికి గడ్డి పెట్టరా. రాత్రనకా పగలనకా పెట్టెల్లో నాణేలు తవ్వుతున్నాడు. ఏ దొంగవెధవకో తెలిసి ఇంటి మీద పడితే నేనేం కాను?"

"ఏ మాత్రం తవ్వాడక్కా?"

"నాకేం తెలుసురా. ఇరవై నాలుగు గంటలూ చప్పుడే."

గడియలన్నీ తీసింది. తమ్ముడు నీళ్ళోడుతూ నిలబడ్డాడు. వెనక ఇంకొకడున్నాడు, తలకి హెల్మెట్టు, ముఖానికి నల్ల అద్దం దింపే ఉంది.

"ఒరే, తల తుడుచుకో, జలుబు చేస్తుంది. ఈ అబ్బాయెవరు? ఆ టోపీ తియ్యి బాబూ, ఊపిరాడదు."

హెల్మెట్టువాడు తలుపు మూసి అన్ని గడియలూ వేశాడు. వరసగా, ఒకటీ వదలకుండా. బల్ల మీది ఆమె ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

తమ్ముడు ఆమె భుజం పక్కకి నెట్టి, దుప్పట్ల మధ్యనుంచి వెనక గదికి నడిచాడు. టంకం బల్ల ముందు వంగి ఏదో అతుకుతున్నాడు. ఫ్యాన్ల మోతలో వీళ్ళ రాక వినలేదు.

"అల్లుడూ, తియ్యి."

"మామయ్యా! ఎప్పుడొచ్చావు? ఏం తియ్యాలి?"

"నాణేలు."

వాడికి నవ్వొచ్చింది. నవ్వకుండా ఉంటే ఏమయ్యేదో, ఆ తర్వాత ఎన్నోసార్లు జాగ్రత్తమ్మ అనుకుంది. నవ్వు పూర్తవకముందే తమ్ముడు చొక్కా కిందనుంచి లాగిన పైపు ముక్క వాడి చెవి మీద పడింది. వాడు కుర్చీతో సహా కూలాడు. హెల్మెట్టువాడు జుట్టుపట్టి లేపితే మెడ మీంచి రక్తం చొక్కాలోకి దిగింది.

"ఒరే, ఒరే, వాడు నీ అల్లుడురా!" అని ఆమె మీద పడబోయింది. తమ్ముడు వెనక్కి ఒక్క తోపు తోశాడు. గుమ్మానికి నడుం కొట్టుకుని తడి దుప్పట్ల కింద పడింది.

"అక్కా, నువ్వు మధ్యలోకి రాకు. నీకు దెబ్బ తగిలితే నాకు బాధ."

టంకం నోట్లో రక్తం మింగి చెప్పాడు. "లోపల ఏమీ ఉండవు మామయ్యా. వచ్చేది చిల్లర. బిల్లుకి పోతుంది. వేడికి అమ్మ దుప్పట్లు ఆరతాయి, అంతే."

"దుప్పట్లు ఆరబెట్టుకోవడానికి ఇంత సరంజామానా? నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకుని వచ్చానా?"

"ఫోన్లో చూపిస్తాను. చూడు."

చూపించాడు. సున్నా, చుక్క, ఆ తర్వాత వరసగా సున్నాలు, చివరెక్కడో ఒక అంకె. తమ్ముడు ఆ సున్నాల వంక చూసి పళ్ళు కొరికాడు.

"సున్నాలు చూపిస్తావురా నాకు?"

బల్లకి చిన్న వైస్ బిగించి ఉంది. సన్నటి వస్తువులు కదలకుండా ఉండడానికి టంకం వాటిని దాని దవడల మధ్య పెట్టి మర తిప్పేవాడు. తమ్ముడు వాడి కుడి చూపుడువేలు ఆ దవడల మధ్య పెట్టాడు. లారీ భాగాలు విప్పే చెయ్యి అది, మర ఎంత తిప్పితే ఏం విరుగుతుందో దానికి తెలుసు. తిప్పాడు. ఆగాడు. ఇంకాస్త తిప్పాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. టంకం నోరు తెరిచాడు కానీ అరుపు చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

ఆమెకి వచ్చింది. ఒళ్ళంతా గొంతు చేసుకుని, కిటికీ దగ్గరికి పాకి అరిచింది.

"టీచరుగారూ! చంపేస్తున్నారు! నా కొడుకుని చంపేస్తున్నారు, రండి!"

పై కిటికీ తెరుచుకుంది. వానలోంచి టీచరు గొంతు తీరిగ్గా వచ్చింది.

"ఏమ్మా, మళ్ళీ కుక్కరు పేలుతోందా?"

"కాదు, కాదు, నిజంగా..."

"మొన్న బల్లి పడితే కూడా నిజంగానే అన్నావు తల్లీ. కాసిని మంచినీళ్ళు తాగు."

కిటికీ మూసుకుంది. హెల్మెట్టు లోపలినుంచి కిచకిచ నవ్వు వినిపించింది. తమ్ముడు కూడా నవ్వాడు, చిన్నప్పటి నవ్వే. "అరువక్కా, ఎంతసేపు కావాలంటే అంతసేపు అరువు. వీధి మొత్తానికి నువ్వు అలవాటైపోయావు."

ఆమె కిటికీ వదిలి మళ్ళీ దుప్పట్ల కింద కూలబడింది. ఇన్నేళ్ళుగా గుమ్మంలో నిలబడి వీధికంతా పంచిపెట్టిన భయమంతా ఒట్టి చప్పుడుగానే మిగిలిందని అప్పుడు తెలిసింది.

తమ్ముడు టంకం కడ్డీ తీశాడు. కొన ఇంకా పొగ కక్కుతోంది. "ఎక్కడ దాచావు?" అని అడిగి మెడ మీద ఆనించాడు. మాంసం కాలిన వాసన వచ్చింది. ఏళ్ళ తరబడి నిద్రలో కూడా ఆమె ముక్కు ఎదురుచూసిన కాలిన వాసన ఇదేనా అనుకుంది. అది వైర్లదో బట్టలదో అవుతుందనుకుంది గానీ, కొడుకు ఒంటిదవుతుందని కలలో కూడా అనుకోలేదు.

"పెట్టెలు పగలగొడదాం" అన్నాడు హెల్మెట్టువాడు. వాడు మాట్లాడిన మొదటి మాట.

"తొందరపడకు. కరెంటుతో ఆటలేంటి?" తమ్ముడు గోడ మీది మెయిన్ స్విచ్ దించాడు. ఫ్యాన్లు మూలిగి, నెమ్మదించి, ఆగిపోయాయి. వాన చప్పుడు ఒక్కసారిగా గదిలోకొచ్చింది. "మా షెడ్డులో మొట్టమొదటి పాఠం ఇదే. బ్యాటరీ తీగ పీకాకే చెయ్యి పెట్టాలి. పీకాక అది ఉత్త ఇనుము."

బల్ల మీది సుత్తితో మొదటి యంత్రం పగలగొట్టాడు. లోపల ఆకుపచ్చ పలకలు, దువ్వెనల్లాంటి రేకులు. రెండోది పగలగొట్టాడు. అవే పలకలు, అవే రేకులు. ఒక్కొక్క దెబ్బకీ అతని ముఖం ముడుచుకుపోతోంది. మనిషి మోసపోయానని తెలుసుకుంటున్న కొద్దీ ఎలా ఉంటాడో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు ఆటలో ఓడిపోతే గోళీలు నూతిలో పారేసేవాడు.

మూడోదాని పక్కనున్న ఇనప డబ్బా మీద అతని చెయ్యి పడింది. ఎర్రగుడ్డ.

"దాన్ని వద్దు మామయ్యా." టంకం గొంతు పీలగా వచ్చింది. "ఇన్ని కొట్టావు, నేనేమన్నా అన్నానా? దాన్ని మాత్రం ముట్టుకోకు."

తమ్ముడి కళ్ళు వెలిగాయి. "చూశావా! ఇప్పుడొచ్చింది నిజం!"

సుత్తి కొస పెట్టి మూత పెకలించాడు. లోపల నల్లటి లావు డబ్బాలు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. అచ్చం బిళ్ళలు పేర్చి మూతేసిన గొట్టాల్లాగే ఉన్నాయి. చూసినవాడెవడైనా అలాగే అనుకుంటాడు. జాగ్రత్తమ్మ కూడా ఒకప్పుడు అలాగే అనుకుంది.

తమ్ముడు హెల్మెట్టువాడి వైపు తిరిగాడు. "ఇందులో కూడా లేకపోతే వీడి కన్నొకటి తీసెయ్యి. అప్పుడు రెండో కన్ను చెబుతుంది."

హెల్మెట్టువాడు బల్ల మీది సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, టంకం తల బల్లకి అదిమి, కొనని కంటి కింద మెత్తటి చోట ఆనించాడు. చర్మం గుంటపడింది. వాడు రెప్ప వెయ్యడానికి కూడా భయపడుతున్నాడు.

తమ్ముడు వంగాడు, మళ్ళీ ఆగాడు. అల్లుడి మాట ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. మెడ తిప్పి, దుప్పట్ల కింద కూలబడి ఉన్న అక్క వైపు చూశాడు. నూతి గట్టు మీంచీ, మేకు పట్టుకునీ, పొయ్యి ముందునుంచీ తిరిగి చూసిన చూపే అది.

"అక్కా, నువ్వు చెప్పు. నీకు అబద్ధమాడడం రాదు. స్విచ్ ఆపేశానుగా, దీన్ని ముట్టుకుంటే ఏమన్నా అవుతుందా?"

ఆమె నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, ఊపిరిలాగా. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బల్బు భగ్గున వెలిగి ఆరిపోవడం కళ్ళ ముందు కదిలింది. కంటి కింద గుంటపడిన చర్మం కనిపించింది. టంకం బల్ల మీంచి తల్లినే చూస్తున్నాడు.

"ఏం కాదురా" అంది. "ఆపేశావుగా. ఏం కాదు."

తమ్ముడు రెండు చేతులూ లోపల పెట్టాడు. వానకి తడిసిన చేతులు. ఈ చేత్తో ఒక డబ్బా, ఆ చేత్తో ఒక డబ్బా, అడుగునుంచి వేళ్ళు జొనిపి పెకలించబోయాడు.

టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. నీలంగా మెరిసింది. అతని ఒళ్ళు విల్లులా వెనక్కి వంగి, ఎవరో ఛాతీ మీద తన్నినట్టు ఎగిరి పడింది. వెనకనున్న ఇనప అరకి తల తగిలి చప్పుడైంది. నేల మీద కాళ్ళు రెండుసార్లు తన్నుకుని ఊరుకున్నాయి.

హెల్మెట్టువాడు అటు తిరిగాడు. ఆ క్షణం చాలు. జాగ్రత్తమ్మ లేచింది. లేవడం ఎలా లేచిందో ఆమెకే తెలీదు. తడి దుప్పటి లాగి వాడి తల మీద వేసింది. అద్దం మూసుకుపోయి వాడు చేతులు గాల్లో ఆడించాడు. ఆమె గోడనుంచి ఇనప గొట్టం ఊడబెరికి తల మీద కొట్టింది. ఠంగుమంది అంతే. అప్పుడు మోకాళ్ళ మీద కొట్టింది. వాడు ఊళపెట్టి వంగితే వేళ్ళ మీద కొట్టింది. పాకుతుంటే మడమ మీద కొట్టింది. దుప్పట్లు ఉతికే చేతులు అవి, ఏళ్ళ తరబడి బాదిన చేతులు, అలుపెరగవు. వాడు ఇస్త్రీ బల్లని గుద్దుకుంటూ, గడియ తర్వాత గడియ పీక్కుంటూ, దుప్పటి ఈడ్చుకుంటూ బయటపడ్డాడు. మెట్ల మీద దబదబ దొర్లిన చప్పుడు, అడుగున ఎముక విరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏడుపు వినిపించాయి.

మెట్లు తడిగా ఉన్నాయని వాడికి ఆమె చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి టంకం నేల మీద మోకాళ్ళేసి ఉన్నాడు. నలిగిన వేలు పక్కకి వేలాడుతోంది, ఆ చేత్తోనే మేనమామ ఛాతీ మీద నొక్కుతున్నాడు. నొక్కిన ప్రతిసారీ వాడి నోట్లోంచే మూలుగు వస్తోంది.

"అమ్మా, ఫోన్ చెయ్యి."

ఆమె గొట్టం పట్టుకుని నిలబడింది.

"అమ్మా! ఆంబులెన్సుకి. నా ఫోన్ బల్ల కింద ఉంది, తియ్యి."

"వాడు నీ కన్ను తియ్యమన్నాడురా."

"ఊపిరి లేదమ్మా. మామయ్యకి ఊపిరి లేదు."

అప్పుడు గొట్టం కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది, కింద వాటా వాళ్ళు ఉలిక్కిపడతారని. ఫోన్ తీసి చెప్పవలసింది చెప్పింది. ఆమె గొంతు ఎంత నిమ్మళంగా ఉందంటే అవతలివాళ్ళు రెండోసారి అడిగారు, నిజమేనా అని.

చాలాసేపటికి తమ్ముడి గొంతులో గురక లాంటిది కదిలింది. టంకం వెనక్కి వాలి గోడకి చేరగిలబడ్డాడు. ముఖం మీద రక్తం, చెమట, ముక్కు నీళ్ళు. తల్లి వైపు చూడకుండా అడిగాడు.

"నీకు గుర్తుంది కదమ్మా? బల్బు."

"గుర్తుంది."

ఆమె వాడి చెయ్యి చూద్దామని వంగి చెయ్యి చాపింది. వాడు ఆ చెయ్యి ఛాతీకి దగ్గరగా లాక్కున్నాడు. కావాలని చెయ్యలేదు, వేడి వస్తువు దగ్గరికొస్తే లాక్కున్నట్టు దానంతటది జరిగింది. ఇద్దరూ చూశారు.

తెరిచిన తలుపులోంచి టీచరు వచ్చింది. పగిలిన యంత్రాలు, నేల మీది మనిషి, గోడ మీది రక్తం చూసి చెంపలు పట్టుకుంది.

"అయ్యయ్యో! ఇంత జరుగుతుంటే గట్టిగా అరవాల్సింది కదమ్మా!"

జాగ్రత్తమ్మ ఆవిడ వైపు చూసింది. గుమ్మం దగ్గరి ఇసక బకెట్టుని కాలితో పక్కకి జరిపింది, వచ్చేవాళ్ళకి అడ్డమని.

ఆంబులెన్సు వాళ్ళు తమ్ముణ్ణి స్ట్రెచరు మీద ఎక్కించారు. రెండు అరచేతులూ మధ్యలో నల్లగా కాలిపోయి ఉన్నాయి. గుమ్మం దాటుతుంటే కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియడానికి కాసేపు పట్టింది, తర్వాత అక్క కనిపించింది. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు, "ఏం కాదన్నావుగా అక్కా" అన్నాడని ఆమెకి మాత్రం వినకుండానే అర్థమైంది.

మోసేవాళ్ళు మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. వాననీళ్ళు మెట్ల మీద పారుతున్నాయి. ఆమె ప్రమేయం లేకుండానే ఆమె నోరు తెరుచుకుంది.

"మెట్లు తడిగా ఉన్నాయి, జాగ్రత్త."

ముందు పట్టుకున్నతను "అలాగేనమ్మా" అని ఆచితూచి దిగసాగాడు. స్ట్రెచరు మీది తమ్ముడు మాత్రం ఆ మాట చెవినపడగానే కాలిన చేతులతోనే రెండు వైపులా ఇనప పట్టీలు గట్టిగా పట్టుకున్నాడు. అక్క ముఖం మీంచి చూపు తిప్పకుండా, ఊపిరి బిగబట్టి, చిట్టచివరి మెట్టు దాకా అలాగే పట్టుకున్నాడు.